హైదరాబాద్ బిల్డర్లకు బహిరంగ లేఖ: కిటికీతో పాటే జాలీ ఇవ్వండి

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు, విల్లాలు కట్టి అమ్ముతున్న బిల్డర్లందరికీ నమస్కారం.

బాలానగర్ వైపు నాకో చిన్న షాపు ఉంది. అల్యూమినియం, యూపీవీసీ కిటికీల పని చేస్తాం, దోమల జాలీలు బిగిస్తాం. మీరు తాళాలు అప్పగించి, గృహప్రవేశంలో పాలు పొంగించాక, సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లో ఉండగానే మాకు ఫోన్ వస్తుంది. "అన్నా, అన్ని కిటికీలకూ మెష్ వేయాలి, ఎప్పుడొస్తారు?" అని. నిజాంపేట, బాచుపల్లి, మణికొండ, నల్లగండ్ల, ఉప్పల్, ఏ వైపు వెళ్లినా ఇదే పని. ఆ ఫోన్ చేసే అవసరం వాళ్లకు రాకుండా చూడమని అడగడానికే ఈ ఉత్తరం. దానివల్ల నా షాపుకు పని తగ్గుతుందని తెలుసు. తగ్గనివ్వండి. ఈ పని ఇల్లు కట్టేటప్పుడు మీ చేతుల మీదుగా జరిగితేనే సరిగ్గా కుదురుతుందని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది.

నేను కోరేది ఒక్కటే. తాళాలు ఇచ్చే రోజుకి ప్రతి కిటికీకి, ప్రతి బాల్కనీ తలుపుకి, ప్రతి వెంటిలేటర్‌కి జాలీ బిగించి ఉండాలి. అద్దం లేని కిటికీని మీరు ఎవరికీ అప్పగించరు. జాలీ లేని కిటికీని కూడా అప్పగించకండి.

ఇప్పుడు ఏం జరుగుతోందో మీకు తెలుసు. బ్రోచర్‌లో స్పెసిఫికేషన్స్ పేజీ తీస్తే, కిటికీల వరుసలో 'మస్కిటో మెష్‌కి ప్రొవిజన్' అని ఉంటుంది. సైట్‌కి వెళ్లి చూస్తే మూడు ట్రాకుల ఫ్రేమ్ ఉంటుంది. రెండు ట్రాకుల్లో అద్దాల షట్టర్లు, మూడోది ఖాళీ. కొనేవాళ్లలో చాలామంది ఆ లైను చదివి జాలీ వస్తుందనే అనుకుంటారు. ఫ్లాట్ చూడటానికి వాళ్లు వచ్చేది ఏ ఆదివారమో పదకొండు గంటలకి. కిటికీ బయటి వ్యూ బాగుంటుంది, గాలి బాగా వస్తుంటుంది. ఆ గాలి తమ ఇంట్లో సాయంత్రం కూడా ఉంటుందని నమ్మి అడ్వాన్స్ ఇస్తారు. దిగిన మొదటి సాయంత్రం లైటు వేసి కిటికీ తెరిచాక కానీ సంగతి తెలియదు. మర్నాటి నుంచి అయిదు కొట్టగానే ఇల్లంతా బిగించుకుని కూర్చుంటారు. ఒక ఇంట్లో పని చేస్తుంటే అక్కడి పెద్దావిడ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "బాబూ, ఊళ్లో అయితే సాయంత్రమే తలుపులు తీసేవాళ్లం. ఇక్కడ సాయంత్రమే మూసేస్తున్నాం. ఇంత డబ్బు పోసి కొన్నది మూసుకుని కూర్చోవడానికా?"

ఆవిడ అన్నది నిజం. మన ఊరికి రాత్రి గాలి పెద్ద ఆస్తి. దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం. ఎండాకాలం పగలు 40 డిగ్రీలు దాటినా తెల్లవారుజాముకి బాగా దిగుతుంది. వాన పడిన రాత్రి ఇంకా చల్లబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి హాయిగా వీస్తుంది. పగలంతా ఎండకు కాగిన స్లాబు, గోడలు ఆ వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతాయి. ఆ వేడి బయటికి పోవాలంటే రాత్రంతా ఒక వైపు నుంచి గాలి లోపలికి వచ్చి ఇంకో వైపు నుంచి పోవాలి. ఎదురెదురు కిటికీలు తెరిచి పడుకుంటే చాలా రాత్రులు ఏసీ అవసరమే ఉండదు. కిటికీలు మూసుకున్న ఇంట్లో మాత్రం బయట చల్లగా ఉన్న రోజుల్లో కూడా ఏసీ వేయాల్సిందే. ఆ ఏసీ బయటికి వదిలే వేడి పక్కింటి బెడ్‌రూమ్ కిటికీ దగ్గరికి చేరుతుంది, వాళ్లూ మూసుకుంటారు. కరెంటు బిల్లు సంగతి సరే, ఏసీ లేని అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఉక్కలో ఫ్యాన్ కింద దొర్లుతూ తెల్లారుస్తారు.

సాయంత్రం తలుపులు మూసేస్తే సరిపోతుందిలే అని మీలో కొందరు అనుకోవచ్చు. సరిపోదు. హైదరాబాద్‌లో మనల్ని కుట్టేవి ఒక రకం దోమలు కావు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది. తెల్లారాక మొదటి రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దుగూకే ముందు దాని జోరు ఎక్కువ. పిల్లలు స్కూలుకి తయారయ్యే వేళ, తిరిగొచ్చి హోమ్‌వర్క్‌కి కూర్చునే వేళ అదే. రాత్రి చెవి దగ్గర గుయ్యిమనేది ఎక్కువగా క్యూలెక్స్. మురుగునీళ్లలో, మూసీ ఒడ్డున, గుర్రపుడెక్క కమ్మిన చెరువుల్లో పెరుగుతుంది. బోదకాలు దాని వల్లే వ్యాపిస్తుంది. మలేరియా తెచ్చే అనాఫిలిస్‌లో స్టీఫెన్సీ అనే రకం ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెట్టి నగరాల్లో బతకడం నేర్చుకుంది. ఒకటి పగలు, ఒకటి రాత్రి. వీటిని టైము చూసి తప్పించుకోవాలంటే ఇరవైనాలుగు గంటలూ మూసుకోవాలి.

పైగా దోమలొక్కటే ఇంట్లోకి రావు. తొలకరి వాన పడిన సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు మూగి, రెక్కలు రాల్చి, అన్నం పళ్లెంలో పడతాయి. చెరువు పక్క ఇళ్లలో నుసుములు. పండ్ల కాలంలో ఈగలు. ఇవి వచ్చాయంటే వెనకే వాటిని తినే బల్లులు. తెల్లటి లైటు కంటే పసుపు కాంతి బల్బు పెడితే రెక్కల పురుగులు కొంత తగ్గుతాయి. మేం కూడా బాల్కనీల్లో అదే పెట్టుకోమని చెబుతాం. కానీ దోమ వెలుతురు కోసం రాదు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి, ఒంటి వేడి, ఒంటి వాసన పట్టుకుని వస్తుంది. లైటు మార్చినంత మాత్రాన అది ఆగదు.

మందు పొగ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ కమ్యూనిటీల్లో దోమలపై ఫిర్యాదు వస్తే మొదట చేసేది అదే. ఫాగింగ్ మిషన్ ఎగురుతున్న దోమల్ని చంపుతుంది, అదీ ఆ పూటకి. నీళ్లలో ఉన్న పిల్లపురుగుల్ని ఏం చేయదు. గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం, పది రోజులు చాలు కాబట్టి మళ్లీ కొత్త దండు తయారు. ఏడిస్ అయితే ఎక్కువగా ఇళ్లలోనే, మంచాల కింద, అల్మారాల వెనక చీకట్లో దాక్కుంటుంది. పొగ మిషన్ శబ్దం వినగానే మనం చేసే పని కిటికీలు మూయడం. ఇక ఆ మందు దాని దగ్గరికి ఎలా చేరుతుంది?

ఇంట్లో కాల్చే కాయిల్స్ సంగతి ఇంకా బాధాకరం. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినప్పుడు వచ్చేటంత ఉంటాయని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. కాయిల్ గాలి ఆడే గదిలోనే వాడాలంటారు. దోమల భయంతో కిటికీలన్నీ బిగించి, అదే గదిలో పసిపిల్లను పడుకోబెట్టి కాయిల్ వెలిగించిన ఇళ్లు నేను చూశాను. ఆ తల్లిదండ్రుల్ని తప్పు పట్టను. కిటికీ తెరిచి ఉంచే దారి వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ దారికి పునాది పడిన ఊరు మాత్రం మనదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సర్జన్‌గా ఉన్న రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమ పొట్ట గోడ మీద ఆ రోగపు సూక్ష్మజీవిని కనిపెట్టాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకున్నాడు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. బేగంపేటలో పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆ భవనం ఇప్పటికీ ఉంది. మీలో చాలామంది రోజూ దాని మీదుగానే సైట్లకు వెళుతుంటారు.

రాస్ పని తరువాత మూడేళ్లకే జాలీ బలం కూడా రుజువైంది. 1900లో బ్రిటిష్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఇద్దరు డాక్టర్లను ఇటలీ పంపించాడు, వాళ్ల పేర్లు శాంబన్, లో. రోమ్ దగ్గర మలేరియాతో మనుషులు నిలవలేని చిత్తడి నేలలో ఒక చెక్క ఇల్లు వేసి, తలుపులకు, కిటికీలకు వైరు జాలీ బిగించారు. పగలంతా చుట్టుపక్కల తిరిగేవాళ్లు. పొద్దుగూకే ముందు లోపలికి వచ్చి, మర్నాడు పొద్దెక్కాకే బయటికి వచ్చేవాళ్లు. మలేరియా మందు క్వినైన్ వేసుకోలేదు. జులై నుంచి అక్టోబరు దాకా అలా గడిపితే ఒక్కరికీ జ్వరం రాలేదు. కిటికీలు మాత్రం తెరిచే ఉన్నాయి. ఈ మధ్యకాలంలో కూడా ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. ఆఫ్రికాలోని గాంబియాలో ఇళ్ల తలుపులకు, కిటికీలకు జాలీ వేసి, చూరు సందులు మూసేస్తే ఇంట్లోకి వచ్చే మలేరియా దోమలు సగానికి పైగా తగ్గాయని, పిల్లల్లో రక్తహీనత తగ్గిందని 2009లో ప్రచురించారు. మెక్సికోలోని అకపుల్కో, మెరిడా నగరాల్లో మందు పూసిన జాలీలు కిటికీలకు బిగిస్తే ఇళ్లలో ఏడిస్ దోమలు తగ్గాయి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లను అడిగినా చెబుతారు. అక్కడ కిటికీ అంటే జాలీతోనే వస్తుంది, అద్దె ఇల్లయినా సరే. అక్కడ చాలా ఊళ్లు పాటించే ఇళ్ల నిర్వహణ నియమావళిలో, జాలీ వేయాల్సిన చోట అంగుళానికి 16 గళ్లకు తక్కువ ఉండకూడదని రాసి ఉంది. మనకూ ఇది కొత్తేం కాదు. పాత రైల్వే క్వార్టర్లలో, ప్రభుత్వ క్వార్టర్లలో స్ప్రింగు పెట్టిన జాలీ తలుపులు ఉండేవి. చెక్క తలుపు బార్లా తెరిచి, జాలీ తలుపు వేసుకుని వరండాలో పడుకున్నవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. అపార్ట్‌మెంట్లు వచ్చాక ఆ రెండో తలుపు ఎందుకో మాయమైంది.

ఇప్పుడు నా పనికి సంబంధించిన అసలు విషయానికి వస్తాను. జాలీని తరువాత బిగించుకుంటే ఏమవుతుంది, మీరే ఎందుకు ఇవ్వాలి అని అడుగుతారు. జాలీ కిటికీ కొలతల్నే మార్చేస్తుంది, కారణం అదే.

అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న స్లైడింగ్ కిటికీ తీసుకోండి. మొత్తం 20 చదరపు అడుగులు. స్లైడింగ్ కాబట్టి ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. మిగిలింది 10. మామూలుగా మనం వాడే ఫైబర్‌గ్లాస్ జాలీలో అంగుళానికి ఒక వైపు 18, ఇంకో వైపు 16 పోగులు ఉంటాయి. ఒక్కో గడి మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది, దోమ దూరదు. కానీ పోగులు కూడా జాగా తింటాయి, గాలికి మిగిలేది మూడింట రెండు వంతులే. అంటే 20 చదరపు అడుగుల కిటికీలో గాలికి దక్కేది సుమారు ఆరున్నర చదరపు అడుగులు. నేషనల్ బిల్డింగ్ కోడ్ వేడి, పొడి ప్రాంతాల్లో గది నేల విస్తీర్ణంలో కనీసం పదో వంతు కిటికీలు ఉండాలంటుంది. 144 చదరపు అడుగుల గదికి 14.4 చదరపు అడుగులు. కాగితం మీద ఆ లెక్క సరిపోయినా ఆ గదిలో పడుకునే మనిషికి అందే గాలి ఎంతో చూడండి. ఫ్రేమ్ బిగించాక నేను వచ్చి ఏం చేసినా ఆ కిటికీని పెద్దది చేయలేను. డ్రాయింగ్ దశలో మీ ఆర్కిటెక్ట్ మాత్రమే చేయగలరు. జాలీని ముందే లెక్కలో పెట్టుకుంటే కిటికీని కాస్త వెడల్పు చేస్తారు, లేదా పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీ పెట్టి లోపలి వైపు ప్లీటెడ్ జాలీ, అంటే మడతలుగా ముడుచుకుంటూ పక్కకు జరిగే జాలీ ఇస్తారు. రెండు గోడలకూ కిటికీ వచ్చేలా చూస్తారు.

రెక్కల కిటికీలకు తరువాత జాలీ పెట్టడం మాకు పెద్ద టెన్షన్. రెక్క బయటికి తెరుచుకుంటుంది కాబట్టి జాలీ లోపల రావాలి. హ్యాండిల్ లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, జాలీకి తగులుతుంది. ఫ్రేమ్ లోతు చాలదు. గోడకు గ్రానైట్ పట్టీ వేసేసి ఉంటారు, డ్రిల్ వేస్తే పగులుతుందని ఇంటివాళ్లకు భయం. చివరికి వెల్‌క్రో జాలీ అతికించుకుంటారు. ఆ జిగురు రెండు ఎండాకాలాలు నిలిస్తే గొప్ప. పడమటి కిటికీల్లో ఒక్క వేసవికే మూల ఊడి వేలాడుతుంది. ఊడిన ఆ మూల చాలు దోమకి. ఫ్రేమ్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే రెండంగుళాల లోతు అదనంగా అడిగితే ఈ బాధ ఏదీ ఉండదు.

స్లైడింగ్‌లో ఇంకో చిక్కు ఉంది, చాలామంది సైట్ ఇంజనీర్లు కూడా గమనించరు. జాలీ ఉన్నా అద్దాన్ని సగం మాత్రమే జరిపితే రెండు అద్దాల మధ్య సందు ఏర్పడుతుంది. దోమ బయటి నుంచి ఆ సందులో దూరి, లోపలి అద్దం చివర నుంచి గదిలోకి వస్తుంది. అద్దాన్ని పూర్తిగా ఆ చివరకు జరిపినప్పుడే షట్టర్ల అంచులు ఒకదానికొకటి కలుస్తాయి, అంచున ఉండే కుచ్చులాంటి బ్రష్ పట్టీ సందును మూస్తుంది. 'మెష్ వేయించినా దోమలు వస్తున్నాయి' అని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే. మీరు తాళాలు ఇచ్చేటప్పుడు మోటారు స్విచ్, గ్యాస్ పైపు చూపించినట్టే ఇది కూడా చూపించాలి. బ్రష్ పట్టీ నాణ్యతలో కక్కుర్తి పడొద్దని కూడా కోరుతున్నాను. అది అరిగిపోతే ఎంత ఖరీదైన జాలీ అయినా దండగే.

జాలీ ఏ ట్రాకులో ఉండాలన్న దానిపై మా పనివాళ్లలోనే వాదన ఉంది. బయటి ట్రాకులో ఉంటే అద్దాన్ని జాలీ కదపకుండా తీసి వేసుకోవచ్చు, రోజూ వాడటానికి అదే సుఖం. నాలుగైదు అంతస్తుల ఇళ్లకు నేనూ అదే చెబుతాను. పదో అంతస్తు, ఇరవయ్యో అంతస్తులో మాత్రం జాలీ లోపలి ట్రాకులోనే ఉండాలి. మన దుమ్ముకి జాలీ తొందరగా పూడుకుపోతుంది. కనీసం ఆరు నెలలకోసారి విప్పి, సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. దాన్ని తీయడానికి ఎవరూ అంత ఎత్తులో కిటికీ బయటికి వంగకూడదు. లోపలి నుంచే ఎత్తి తీసేలా ఉండాలి. ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. పిల్లలు కింద పడకుండా జాలీ ఆపదు. దాని మీద ఆనుకుంటే ఊడి వస్తుంది. గ్రిల్ వేరు, జాలీ వేరు. జాలీ ఇచ్చాం కదా అని గ్రిల్ మానేయొద్దు, ఈ సంగతి ఇంటివాళ్లకు స్పష్టంగా చెప్పండి.

మెటీరియల్ గురించి ఎక్కువ చెప్పను. లోపలి గదులకు ఫైబర్‌గ్లాస్ చాలు. ఎలుకలు కొరికే కింది అంతస్తులకు, వంటింటికి, వాష్ ఏరియాకి స్టెయిన్‌లెస్ స్టీల్ 304 రకం పెట్టండి. చెరువు పక్కన నుసుములు ఎక్కువ ఉన్న చోట ఇంకా సన్నటి గళ్లు కావాలి, కానీ సన్నబడిన కొద్దీ గాలి తగ్గుతుంది కాబట్టి అక్కడ కిటికీ మరింత పెద్దది ఉండాలి.

కిటికీలకే జాలీ వేసి వదిలేస్తే సగం పనే. ఇంట్లో అన్నిటికంటే పెద్ద ఓపెనింగ్ బాల్కనీ తలుపు. దానికి ప్లీటెడ్ జాలీ లేకపోతే మిగతావన్నీ వృథా. ఈ మధ్య బాల్కనీలకు పావురాల వల మాత్రం అందరూ కట్టించుకుంటున్నారు. దాని గళ్లలో దోమలేం, సీతాకోకచిలుకలు కూడా దూరతాయి. వాష్ ఏరియా తలుపు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం, ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన కన్నం, బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే నహానీ ట్రాప్, వీటన్నిటి గుండా పురుగులు వస్తాయి. ట్రాప్‌లో నీళ్లు ఆరిపోతే డ్రైనేజీలోని బొద్దింకలు నేరుగా పైకి వస్తాయి. వాడని గెస్ట్ బాత్రూమ్‌లలో జరిగేది అదే.

బాత్రూమ్ వెంటిలేటర్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పైపులు దిగే ఇరుకు సందులోకి, అంటే షాఫ్ట్‌లోకి తెరుచుకునే ఆ అద్దపు పలకల వెంటిలేటర్‌కి జాలీ ఉండదు. షాఫ్ట్ అడుగున ఎప్పుడూ తడి, చీకటి. దోమలకు అంతకంటే మంచి చోటు లేదు. దాంతో ఇంటివాళ్లు అక్కడ అట్ట ముక్క, థర్మాకోల్, ప్లాస్టిక్ కవరు అతికించి పూర్తిగా మూసేస్తారు. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌లో అలా మూస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగై స్నానానికి వెళ్లిన మనిషి ప్రాణం పోవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. అలా అట్టముక్క అతికించిన వెంటిలేటర్ ఎక్కడ కనిపించినా నేను ముందు దాన్ని తీసేసి, ఆ తరువాతే మిగతా పని మొదలుపెడతాను. వెంటిలేటర్‌కి రెండడుగుల జాలీ ముక్క చాలు. దాన్ని ఇవ్వకపోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

ఎలివేషన్, అంటే భవనం బయటి రూపం గురించి మీరు పెట్టే షరతులు నాకు తెలుసు. బయటి నుంచి చూస్తే అన్ని ఫ్లాట్లూ ఒకేలా ఉండాలని అగ్రిమెంట్‌లో రాస్తారు. అసోసియేషన్ కూడా అదే పట్టుకుంటుంది. ఒకరు తెల్ల ఫ్రేమ్, ఒకరు బ్రౌన్ ఫ్రేమ్ జాలీ పెడితే టవర్ అందం చెడుతుందన్న మీ బాధ సబబే. అద్దెకున్నవాళ్లకు ఓనర్ ఒప్పుకోడు, ఓనర్‌కి కమిటీ ఒప్పుకోదు, మధ్యలో ఒక కుటుంబం వానాకాలమంతా మూసుకుని ఉండిపోతుంది. మీరే ఒకే రంగు, ఒకే రకం జాలీ అన్ని ఫ్లాట్లకూ ఇస్తే ఈ గొడవే రాదు. వెయ్యి ఫ్లాట్లకు ఒకేసారి కొంటే మీకు పడే ధర, విడిగా ఒక్కో ఇంటివాళ్లు నాకిచ్చే ధరలో సగం కూడా ఉండకపోవచ్చు. మెటీరియల్ కొనేవాడిగా చెబుతున్నాను.

ఖర్చు పెరుగుతుందని కొందరు అంటారు. లాబీలో ఇటాలియన్ మార్బుల్, గుమ్మానికి డిజిటల్ లాక్, క్లబ్‌హౌస్‌లో మినీ థియేటర్ ఇస్తున్న ప్రాజెక్టులో జాలీకి డబ్బుల్లేవంటే నేను నమ్మను. మధ్యతరగతి కోసం కట్టే చిన్న ప్రాజెక్టుల్లో లెక్క నిజంగా కష్టమే. అక్కడైనా పడకగదులకు, బాత్రూమ్‌లకు, బాల్కనీ తలుపుకు ఇచ్చి, మిగతా వాటికి ఫ్రేమ్ లోతు, కొలతలు సిద్ధంగా ఉంచండి. పై అంతస్తులకు దోమలు రావని ఇంకో మాట వింటుంటాను. లిఫ్టులో మనతో పాటే వస్తాయి. మూత సరిగ్గా లేని పై ట్యాంకులోనే పుడతాయి. పూలకుండీ కింది పళ్లెంలో పుడతాయి. అంత ఎత్తున అవి ఎగిరి రావాల్సిన పని లేదు.

కట్టేటప్పుడు దోమల్ని మనమే పెంచుతున్న సంగతి కూడా ఒప్పుకోవాలి. సెల్లార్ తవ్వి అనుమతుల కోసం ఆగిన గుంతలో వాననీళ్లు నెలల తరబడి నిలుస్తాయి. లిఫ్ట్ గుంతలో, కాంక్రీటు గట్టిపడటానికి చేసే క్యూరింగ్ కోసం స్లాబు మీద కట్టిన మడుల్లో నీళ్లు నిలుస్తాయి. మీ సైట్‌లోనే రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలు వాటికి మొదట బలవుతారు. నీళ్లను వారానికోసారి తోడించి ఆరబెట్టండి. ఆ షెడ్లకు కూడా జాలీ ముక్కలు కొట్టించండి. ఈ పనికి డ్రాయింగూ అక్కర్లేదు, బ్రోచరూ అక్కర్లేదు.

చివరిగా నా కోరికలు మూడు. వచ్చే ప్రాజెక్టు బ్రోచర్‌లో 'ప్రొవిజన్' అన్న చోట జాలీ రకం, గళ్ల లెక్క, ఎక్కడెక్కడ ఇస్తారో రాయండి. ఇళ్లు కొనేవాళ్లకు రక్షణగా రెరా చట్టం వచ్చాక మీరు రాసిచ్చిన స్పెసిఫికేషన్‌కి మీరు కట్టుబడి ఉండాల్సిందే, కాబట్టి ఆ ఒక్క లైను కొనేవాళ్లకు నిజమైన భరోసా. మోడల్ ఫ్లాట్‌లో జాలీలు బిగించి, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, సాయంత్రం ఆరున్నరకి కస్టమర్లను పిలవండి. ఇప్పటికే అప్పగించిన టవర్లలో జాలీ ఏ రంగు, ఏ రకం పెట్టుకోవచ్చో అసోసియేషన్లకు రాసివ్వండి. కొలతలు, ఫ్రేమ్ సెక్షన్ల వివరాలు మీ దగ్గర ఉంటాయి, అవి వాళ్లకిస్తే మాలాంటివాళ్లం వచ్చి ఒక్క గ్రానైట్ పట్టీ పగలకుండా బిగించి వెళ్తాం. వానలు మొదలయ్యేలోపు ఈ మూడోది చేయగలిగితే చాలా ఇళ్లకు ఈ ఏడే మేలు జరుగుతుంది.

ఇట్లు,
కిటికీల పనిచేసే ఒక షాపువాడు,
బాలానగర్, హైదరాబాద్